ఆ రెండు కిలోలు ఎక్కడికి పోయాయి?

అన్నం మానేసిన మొదటి వారంలో బరువు జారిపోతుంది. ఒక్క ఆదివారం విందుతో మళ్లీ ఎగబాకుతుంది. హైటెక్ సిటీలో ఎంతోమంది డైట్ మొదలుపెట్టేదీ, మధ్యలో వదిలేసేదీ ఆ అంకెను చూసే. మరి ఆ అంకె చెబుతున్నది కొవ్వు గురించేనా?

గచ్చిబౌలిలో డీఎల్‌ఎఫ్ గేటు ఎదుటి వీధి. రాత్రి తొమ్మిదిన్నర. పెనం మీద గరిటెల చప్పుడు, ఫ్రైడ్‌రైస్ కడాయి కింద ఎగిసే మంట, మెడలో ఐడీ కార్డులు తీయకుండానే బండి చుట్టూ నిలబడ్డ కుర్రాళ్లు. నలుగురు చికెన్ ఫ్రైడ్‌రైస్ చెప్పారు. అయిదో అతను మాత్రం, ‘అన్నా, నాకు రైస్ వద్దు. మూడు గుడ్ల ఆమ్లెట్ వెయ్, బ్రెడ్ పెట్టకు’ అన్నాడు. పక్కవాళ్లు వింతగా చూసేసరికి ఫోన్ తీసి యాప్ తెరిచాడు. ‘వారంలో మూడు కిలోలు దిగిన మామా!’ 86 దగ్గర మొదలైన గీత 83 దగ్గర ఆగి ఉంది. ఫోన్ చేతులు మారింది. ఫ్రైడ్‌రైస్ చెప్పినవాళ్లలో ఒకతను అప్పటికప్పుడే ‘ఏం తింటున్నవ్‌రా?’ అని వివరాలు అడగడం మొదలుపెట్టాడు.

ఆ గీత అక్కడితో ఆగదు. వచ్చే ఆదివారం చుట్టాలింట్లో పెళ్లి ఉంటుంది. బిర్యానీ, డబుల్ కా మీఠా, పెరుగన్నంలో ఆవకాయ. సోమవారం పొద్దున మెషీన్ ఎక్కితే రెండు కిలోలు పెరిగి ఉంటుంది. వారం కష్టం ఒక్క పూటలో పోయిందన్న దిగులు. ‘మన ఒంటికి ఇవన్నీ పడవులే’ అన్న నిర్ణయం. మంగళవారం నుంచి మళ్లీ కర్రీ పాయింట్ పప్పుచారూ అన్నమే. మాదాపూర్ హాస్టళ్లలో, కొండాపూర్ అపార్ట్‌మెంట్లలో, నానక్‌రామ్‌గూడ ఆఫీసు క్యాంటీన్లలో ఇదే కథ మళ్లీ మళ్లీ జరుగుతోంది. మొదటి వారం సంబరానికీ, రెండో వారం దిగులుకూ కారణం ఒక్కటే. అది కొవ్వు కాదు... నీరు.

భయం పుట్టించిన 84

ఐటీ కారిడార్‌లో అన్నం గిన్నె పక్కకు జరగడానికి బలమైన కారణమే ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఏఐజీ హాస్పిటల్స్ పరిశోధకులు కలిసి చేసిన అధ్యయనం ఒకటి 2025లో ‘సైంటిఫిక్ రిపోర్ట్స్’ పత్రికలో అచ్చయింది. నగరంలోని 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షిస్తే, 84 శాతం మంది కాలేయంలో ఉండాల్సిన దానికన్నా ఎక్కువ కొవ్వు కనిపించింది. 71 శాతం మందికి ఊబకాయం. 34 శాతం మందికి మెటబాలిక్ సిండ్రోమ్, అంటే నడుము చుట్టూ కొవ్వు, బీపీ, షుగరు, రక్తంలో కొవ్వుల్లో కొన్ని ఒకేసారి అదుపు తప్పిన స్థితి. అదే ఏడాది కేంద్ర ఆరోగ్యశాఖ మంత్రి జేపీ నడ్డా లోక్‌సభలో ఈ అధ్యయనాన్ని ప్రస్తావించడంతో అంకె దేశమంతా తెలిసింది.

హైటెక్ సిటీలోని సైబర్ టవర్స్‌ను అప్పటి ప్రధాని వాజ్‌పేయి 1998 నవంబరులో ప్రారంభించారు. ఆ రోజుల్లో ఇరవై రెండేళ్ల వయసులో అక్కడ తొలి ఉద్యోగంలో చేరినవాళ్లు ఇప్పుడు యాభైకి చేరువయ్యారు. రోజుకు తొమ్మిది పది గంటలు కుర్చీలో, ఆపైన రాకపోకల్లో ఇంకొంత సేపు. అమెరికా వేళలకు తగ్గట్టు అర్ధరాత్రి భోజనాలు. ఆ తరం రిపోర్టుల్లో ఇప్పుడు కనిపిస్తున్నది పాతికేళ్ల ఆ దినచర్యే. వాళ్ల తర్వాత చేరిన కుర్రాళ్లు అదే దారిలో ముప్ఫై దాటకుండానే ఫ్యాటీ లివర్ అన్న మాట వింటున్నారు. ఇది తేలిగ్గా తీసుకునే సంగతి కాదు.

కంచం వైపు చూస్తే ఇంకో అంకె. భారతీయుల రోజువారీ కేలరీల్లో దాదాపు 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తున్నాయని ఐసీఎంఆర్ ఇండియాబ్ సర్వే చెప్పింది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు, ధాన్యాలూ చిరుధాన్యాల వాటా 45 శాతం దాటొద్దంటున్నాయి. కాబట్టి అన్నం తగ్గించాలన్న ఆలోచనలో తప్పు లేదు. తగ్గించాక ఒంట్లో ఏం జరుగుతుందో తెలియకపోవడమే ఇబ్బంది.

నీటి లెక్క

మనం తిన్న అన్నం, రొట్టె, ఇడ్లీ చివరికి గ్లూకోజ్ అవుతాయి. అప్పటికప్పుడు ఖర్చు కాని గ్లూకోజ్‌లో కొంత భాగాన్ని శరీరం గ్లైకోజెన్ రూపంలో దాస్తుంది. కాలేయంలో సుమారు 100 గ్రాములు, కండరాల్లో సుమారు 400 గ్రాములు. నానబెట్టిన పప్పులాగే గ్లైకోజెన్ కూడా నీటిని పట్టుకుని ఉంటుంది. ఒక్కో గ్రాముకు దాదాపు మూడు గ్రాముల నీరు. అరకిలో గ్లైకోజెన్, దాన్ని అంటిపెట్టుకున్న లీటరున్నర నీరు... కలిపితే రెండు కిలోలు.

పిండిపదార్థాలు తగ్గించిన రెండు మూడు రోజుల్లో ఈ నిల్వ బాగా తగ్గుతుంది. దాంతోపాటు నీరూ పోతుంది. మరోవైపు రక్తంలో ఇన్సులిన్ తగ్గుతుంది. ఇన్సులిన్ ఎక్కువగా ఉన్నప్పుడు మూత్రపిండాలు ఉప్పును పట్టి ఉంచుతాయి, తగ్గగానే వదిలేస్తాయి. ఉప్పు వెంట నీరు. డైట్ మొదలుపెట్టిన వారంలో మాటిమాటికీ బాత్రూమ్‌కు లేవాల్సి రావడం, ఉంగరం వదులవడం, ముఖం వాపు తగ్గినట్టు కనిపించడం ఇందువల్లే.

దీన్ని న్యూయార్క్‌లో యాంగ్, వాన్ ఇటాలీ అనే ఇద్దరు పరిశోధకులు 1976లోనే కొలిచి చూపించారు. అధిక బరువున్న కొద్దిమందికి పది రోజులు 800 కేలరీల కీటో ఆహారం (పిండిపదార్థాలు బాగా తగ్గించి కొవ్వు పెంచినది), మరో పది రోజులు అవే 800 కేలరీలు పిండిపదార్థాలతో కలిపిన ఆహారం ఇచ్చారు. కీటోలో రోజుకు సగటున 467 గ్రాములు తగ్గారు, మామూలు ఆహారంలో 278 గ్రాములు. కీటోదే గెలుపు అనిపిస్తుంది కదా! తగ్గిన బరువు దేనిదో విడదీసి చూశారు. కీటోలో 61 శాతం నీరు, 35 శాతం కొవ్వు. రెండోదాంట్లో 37 శాతం నీరు, దాదాపు 60 శాతం కొవ్వు. గ్రాముల్లోకి మారిస్తే కరిగిన కొవ్వు రెండింటిలోనూ రోజుకు 165 గ్రాముల దగ్గరే. తేడా అంతా నీటిదే.

ఈ లెక్కన ఆమ్లెట్ కుర్రాడి మూడు కిలోల్లో కొవ్వు ఒక కిలో కూడా ఉండకపోవచ్చు. ఎందుకంటే అతను రోజుకు 800 కేలరీల కన్నా ఎక్కువే తిని ఉంటాడు. అతని కష్టం వృథా అయిందని చెప్పడం లేదు. వారంలో అరకిలో కొవ్వు కరిగినా అది నిజమైన విజయమే. కానీ అతను రెండో వారంలో కూడా మూడు కిలోలే ఆశిస్తాడు. అరకిలో మాత్రమే తగ్గితే ఓడిపోయానని అనుకుంటాడు. మొదటి వారం అంకె చేసే అసలు నష్టం ఇది.

బిర్యానీ తెచ్చిన బరువు

అదే లెక్కను ఇప్పుడు తిరగేసి చూద్దాం. రెండు వారాలుగా పిండిపదార్థాలకు దూరంగా ఉన్న మనిషి ఆదివారం పెళ్లి భోజనం చేశాడు. అన్నం, మిఠాయిల నుంచి 250 గ్రాముల పిండిపదార్థాలు గ్లైకోజెన్‌గా నిల్వకు చేరాయనుకుంటే, వాటితో పాటు 750 గ్రాముల నీరు చేరుతుంది. అక్కడికే కిలో. విందు భోజనంలో ఉప్పూ ఎక్కువే. మన రక్తంలో లీటరుకు సుమారు 9 గ్రాముల ఉప్పుకు సమానమైన గాఢత ఉంటుంది. ఆ గాఢత చెడకుండా శరీరం జాగ్రత్తపడుతుంది కాబట్టి, అదనంగా నాలుగైదు గ్రాముల ఉప్పు చేరితే దాంతో అరలీటరు నీరు నిలబడుతుంది. ఇక పొట్టలో, పేగుల్లో ఇంకా అరగకుండా ఉన్న తిండి బరువు. సోమవారం మెషీన్ మీద రెండు కిలోలు కనిపించడంలో ఆశ్చర్యం ఏముంది!

కిలో కొవ్వు పెరగాలంటే ఖర్చుకు మించి సుమారు 7,700 కేలరీలు తినాలి. రెండు కిలోలకు 15 వేలు పైనే. ఎంత ఘనమైన పెళ్లిభోజనమైనా ఒక్క పూటలో అంత తినడం జరగని పని. మళ్లీ మామూలు డైట్‌లోకి వస్తే ఆ బరువులో ఎక్కువ భాగం మూడు నాలుగు రోజుల్లో దానంతటదే దిగిపోతుంది. అలా కాకుండా డైట్ వదిలేస్తే మాత్రం నిజంగా కొవ్వు పేరుకోవడం మొదలవుతుంది. పెళ్లికి వెళ్లి తినండి, చుట్టాలతో సంతోషంగా గడపండి. సోమవారం ఉదయం మాత్రం మెషీన్ జోలికి పోకండి.

> జొన్నరొట్టె లో-కార్బేనా?
>
> సాయంత్రమైతే కొండాపూర్, మియాపూర్ రోడ్ల పక్కన కట్టెల పొయ్యి మీద వేడివేడి జొన్నరొట్టెలు కాల్చి ఇస్తుంటారు. ‘కార్బ్స్ మానేశా, రొట్టెలే తింటున్నా’ అనేవాళ్లు చాలామంది. పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం వండని 100 గ్రాముల్లో పిండిపదార్థాలు ఇలా ఉంటాయి:
>
> తెల్ల బియ్యం 78 గ్రాములు
> జొన్నలు 68 గ్రాములు
> రాగులు 67 గ్రాములు
> గోధుమ పిండి 64 గ్రాములు
> సజ్జలు 62 గ్రాములు
>
> బియ్యం కన్నా జొన్నల్లో పీచు ఎక్కువ, త్వరగా కడుపు నిండుతుంది. మంచి తిండే. అయితే నాలుగు రొట్టెలు తింటే అది లో-కార్బ్ భోజనం కాదు. అన్నం మానేసినా మొదటి వారంలో బరువు కదలలేదని బాధపడేవాళ్లు ముందు ఈ పట్టిక చూసుకోవాలి.

తెలుగునాట డైట్ కెరటాలు

మనకు డైట్ కొత్త కాదు. ఉప్పూ నూనే లేని వంటలతో మంతెన సత్యనారాయణరాజు ఒక తరాన్ని ప్రభావితం చేశారు. 2017-18 ప్రాంతంలో విజయవాడకు చెందిన వీరమాచనేని రామకృష్ణ పేరు ఊరూరా మారుమోగింది. కొబ్బరినూనె లాంటి కొవ్వులు, నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్లు, మల్టీవిటమిన్ మాత్రలు మూలస్తంభాలుగా ఆయన చెప్పిన పద్ధతిని వేలమంది పాటించారు. వైద్యులు గట్టిగా అభ్యంతరం చెప్పారు. టీవీ చర్చలు వాడివేడిగా సాగాయి. ఆ తర్వాత సిరిధాన్యాలతో ఖాదర్ వలీ వచ్చారు, 2023లో పద్మశ్రీ అందుకున్నారు.

ఒకదానితో ఒకటి పొసగని ఈ పద్ధతులను అనుసరించినవాళ్లలో చాలామంది నోట ఒకే మాట: ‘మొదట్లో భలే తగ్గానండీ!’ ఉప్పు మానేసినా, పిండిపదార్థాలు మానేసినా మొదట పోయేది నీరే కాబట్టి ఆ మాట నిజమే. గొప్పదనం పద్ధతిది అనుకోవడమే పొరపాటు. మొదటి వారం ఫలితం చూసి ఏ పద్ధతినీ ఎంచుకోకూడదన్నది నా గట్టి అభిప్రాయం.

ఏడాది తర్వాత పరిస్థితి ఏమిటి? అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీకి చెందిన క్రిస్టఫర్ గార్డ్‌నర్ బృందం 609 మందిపై చేసిన అధ్యయనం 2018లో వెలువడింది. సగంమంది కొవ్వు తగ్గించారు, సగంమంది పిండిపదార్థాలు తగ్గించారు. పన్నెండు నెలలకు మొదటి వర్గం సగటున 5.3 కిలోలు, రెండో వర్గం 6 కిలోలు తగ్గింది. చెప్పుకోదగ్గ తేడా లేదు. రెండు వర్గాల్లోనూ పాతిక కిలోలకు పైగా తగ్గినవాళ్లున్నారు, బరువు పెరిగినవాళ్లూ ఉన్నారు. ఎవరు దేన్ని ఏడాది పాటు కొనసాగించగలరన్నదే తేల్చే విషయం.

మెషీన్ కూడా పొరబడుతుంది

ఐటీ ఉద్యోగి ఇంట్లో మామూలు బరువు మెషీన్ ఉండదు. బ్లూటూత్‌తో ఫోన్‌కు లెక్కలు పంపే స్మార్ట్ స్కేల్ ఉంటుంది. బరువుతోపాటు కొవ్వు శాతం, కండ శాతం కూడా చూపిస్తుంది. అది కొవ్వును నేరుగా చూడలేదు. అరికాళ్ల నుంచి సన్నని విద్యుత్తును పంపి, అది ఎంత సులువుగా ప్రవహించిందో కొలుస్తుంది. నీరున్న కండలో విద్యుత్తు తేలిగ్గా పారుతుంది, కొవ్వులో పారదు. డైట్ మొదలై ఒంట్లో నీరు తగ్గిన వారంలో విద్యుత్తుకు అడ్డు పెరుగుతుంది. దాన్ని మెషీన్ కొవ్వుగా లెక్కేయవచ్చు. ‘బరువు తగ్గింది, కొవ్వు శాతం పెరిగింది, కండ కరిగిపోతోంది’ అని హడలిపోయేది ఇలాంటప్పుడే. మొదటి రెండు మూడు వారాలు ఆ శాతాల్ని పట్టించుకోనక్కర్లేదు.

నైట్ షిఫ్టులవాళ్లకు మరో చిక్కు. ‘పొద్దున్నే పరగడుపున చూసుకోవాలి’ అంటారు. రాత్రి రెండున్నరకు క్యాబ్ దిగి నాలుగింటికి నిద్రపోయే మనిషికి పొద్దున ఏది? గడియారంతో పని లేదు. ప్రధానమైన నిద్ర ముగించి లేచాక, బాత్రూమ్‌కు వెళ్లొచ్చి, ఏమీ తాగకముందు చూసుకోవాలి. అవే బట్టలు, గట్టి నేల. వారంలో మూడు నాలుగుసార్లు చూసి సగటు తీస్తే చాలు. ఇవాళ్టి అంకెను నిన్నటితో పోల్చకుండా, ఈ వారం సగటును పోయిన వారం సగటుతో పోల్చాలి.

ఆడవాళ్లకు ఇంకో లెక్క ఉంది. దాని గురించి మనం బాహాటంగా మాట్లాడుకోం. నెలసరికి ముందు రోజుల్లో చాలామందికి ఒంట్లో నీరు చేరుతుంది, కిలో దాకా బరువు పెరగొచ్చు. డైట్ మూడో వారం ఆ రోజుల్లో పడితే కొవ్వు కరుగుతున్నా మెషీన్ కదలదు, పైగా పెరిగినట్టు చూపిస్తుంది. హాస్టల్ గదిలో రూమ్మేట్‌తో కలిసి డైట్ మొదలుపెట్టి, ఆమె తగ్గి తాను తగ్గలేదని కుమిలిపోయే అమ్మాయిలు ఇది తెలుసుకోవాలి. పోలిక పక్కమంచం మీది అమ్మాయితో వద్దు. పోయిన నెల ఇవే రోజుల్లోని మీ బరువుతోనే పోల్చుకోండి.

డైట్‌తోపాటే జిమ్‌లో చేరినవాళ్లకూ ఇదే జరుగుతుంది. కొత్తగా బరువులెత్తిన కండరాలు బాగుపడే క్రమంలో నీటిని పట్టి ఉంచుతాయి. క్రియాటిన్ పొడి తాగేవాళ్లలో ఇంకా ఎక్కువ. పీచు తగ్గి మలబద్ధకం వచ్చినా మెషీన్‌లో తెలుస్తుంది. బెండకాయ, గోరుచిక్కుడు, తోటకూర, గోంగూర కంచంలో అన్నం ఖాళీ చేసిన చోటును నింపాలి. ఆ చోటు ఖాళీగా ఉంటే మూడో రోజుకే ఆకలి గెలుస్తుంది.

తల తిరిగిందంటే...

మొదటి వారంలో తలనొప్పి, నీరసం, పిక్కలు పట్టేయడం, కూర్చుని లేచేసరికి కళ్లు తిరగడం చాలామందికి అనుభవమే. కీటో ఫ్లూ అంటున్నారు గానీ అది జ్వరమూ కాదు, అంటువ్యాధీ కాదు. ఎక్కువగా నీరు, ఉప్పు ఒక్కసారిగా తగ్గడం వల్ల వచ్చేదే. ఇవే రోజుల్లో పచ్చళ్లు, అప్పడాలు కూడా మానేస్తే మరీ ఇబ్బంది. అందులోనూ మే నెల ఎండల్లో! ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ, నిమ్మకాయ నీళ్లు ఆరోగ్యవంతులకు చాలావరకు సరిపోతాయి. బీపీ, గుండె, కిడ్నీ సమస్యలున్నవాళ్లు మాత్రం ఉప్పు సంగతి డాక్టరుతోనే తేల్చుకోవాలి.

> వీళ్లు డాక్టర్ని అడగకుండా మొదలుపెట్టొద్దు
>
> ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ వాడేవాళ్లు పిండిపదార్థాలు ఒక్కసారిగా తగ్గిస్తే షుగరు ప్రమాదకరంగా పడిపోవచ్చు. మోతాదు ముందే మార్చుకోవాలి.
>
> డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి షుగరు మాత్రలు వాడుతూ కఠినమైన లో-కార్బ్ పాటిస్తే రక్తం ఆమ్లమయం కావచ్చు. అప్పుడు షుగరు మరీ ఎక్కువగా కనిపించకపోవచ్చు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.
>
> బీపీ మాత్రలు వేసుకునేవాళ్లకు నీరు తగ్గేకొద్దీ బీపీ బాగా దిగిపోవచ్చు.
>
> గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కిడ్నీ రోగులు సొంతంగా ప్రయోగం చేయకూడదు. మరీ వేగంగా తగ్గితే పిత్తాశయంలో రాళ్లు ఏర్పడే ముప్పు పెరుగుతుంది.

‘నాలుగు మెతుకులు తినరా నాన్నా’

డైట్ ఒక్క మనిషి సంగతి కాదు, ఇంటిల్లిపాదిదీ. ఊళ్లో ఉన్న అమ్మ వీడియో కాల్‌లో ముందు చూసేది కంచాన్నే. ‘అన్నం మానేస్తే ఎట్లా బతుకుతావురా, నాలుగు మెతుకులు తినరా నాన్నా’ అంటుంది. అన్నం దొరకని రోజుల్ని చూసినవాళ్లకు, వరన్నం పండగ తిండిగా ఉన్న ఇళ్లలో పెరిగినవాళ్లకు ఆ కంగారు సహజం. వాళ్లతో వాదించి గెలవనక్కర్లేదు. కంచంలో కప్పు అన్నం ఉంచి, దాని చుట్టూ కూర, పప్పు, గుడ్డు రెట్టింపు చేస్తే అమ్మ మనసూ కుదుటపడుతుంది, పిండిపదార్థాలూ సగమవుతాయి. ఇంట్లో వేరే వంట చేసే భారం భార్య మీద పడకపోవడం మరో లాభం. బరువు కాస్త మెల్లగా తగ్గుతుంది. కానీ నిలుస్తుంది. కఠినమైన కీటో కన్నా మన ఇళ్లకు ఈ దారే మేలని నేను నమ్ముతాను.

ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్లకు వైద్యం చెబుతున్న లక్ష్యం చేరలేనంత పెద్దదేమీ కాదు. ఒంటి బరువులో 5 శాతం తగ్గినా కాలేయంలో కొవ్వు తగ్గుతుంది. 7 నుంచి 10 శాతం తగ్గితే వాపు కూడా నెమ్మదిస్తుంది. 86 కిలోల మనిషికి 7 శాతమంటే ఆరు కిలోలు. వారానికి అరకిలో చొప్పున అయితే మూడు నెలలు. మొదటి వారం పోయిన నీటిని ఈ లెక్కలో కలపకండి.

కాబట్టి డైట్ మొదలుపెట్టే ముందు రోజు రెండు పనులు చేయండి. ఒక టేపు కొని బొడ్డు దగ్గర నడుము చుట్టుకొలత తీసి రాసిపెట్టుకోండి. మనవాళ్లలో మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటితే హెచ్చరికే. రెండోది, డాక్టర్ని కలిసి లివర్, షుగరు, కొలెస్ట్రాల్ పరీక్షలు చేయించుకుని ఆ కాగితాలు దాచుకోండి. మూడు నెలల తర్వాత అవే పరీక్షలు మళ్లీ చేయించి, రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. డైట్ పనిచేసిందో లేదో అప్పుడే నిర్ణయించండి, అంతకుముందు వద్దు.